రిలీవర్ రాలేదు

మా సంసోను పెదనాన్న ఒకసారి కూర్చున్నాడంటే, ఆ చోట కూర్చోవడానికి ఇంకో మనిషి వచ్చేదాకా లేవడు. పాల్వంచ థర్మల్ స్టేషనులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ షిఫ్టు అయిపోయినా సరే, రిలీవర్ వచ్చి చార్జి తీసుకునేదాకా కదలకూడదు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆ రూలును వదల్లేదు.

మోతీ కటింగ్ షాపులో జుట్టు కత్తిరించడం అయిపోయినా కుర్చీలోనే ఉంటాడు.

“అయిపోయింది సార్, లేవుండ్రి.”

“తర్వాతోడు ఏడి?”

“ఎవరు లేరు సార్.”

“మరి కుర్చీ ఎవరికి అప్పజెప్పాలె?”

చివరికి మోతీయే ఆ కుర్చీలో కూర్చుని ఆయన్ని సాగనంపాడు. చర్చిలో ఇంకా ఘోరం. ప్రార్థన ముగిసి అందరూ వెళ్ళిపోయినా ముందు బెంచీ వదలడు. పాస్టరుగారు తాళంచెవి పట్టుకుని చాలాసేపు నిలబడి, “ప్రభువు ఈడనే ఉంటడు గదా, ఆయనకు అప్పజెప్పుండ్రి” అంటే, కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడట.

బాయిలర్ దగ్గర ఆయన అసలు రిలీవర్ మా నాన్న. సొంత అన్నదమ్ములు కాకపోయినా, నాన్నకంటే పెద్దవాడని నాకు పెదనాన్న, అమ్మకు అన్న అయ్యాడు. నాన్న ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదని పెదనాన్న ఇప్పటికీ అందరికీ చెబుతాడు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. నేను బూర్గంపాడులో బ్యాంకు ఉద్యోగానికి రోజూ బస్సులో వెళ్ళొస్తాను.

పోయిన ఏడాది మా అమ్మ విశ్రాంతమ్మకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ వచ్చింది. ఖమ్మంలో ఆపరేషను చేసి తీసేశారు. ఆ తర్వాత రోజుకో మాత్ర చొప్పున కొన్నేళ్ళు వేసుకోవాలన్నారు. అమ్మ కొన్నాళ్ళు వేసుకుని మానేసింది.

“మోకాళ్ళు పట్టేస్తున్నయి, వేళ్ళు ముడుచుకుంటలేవు. హార్మోన్‌ను ఆపే మాత్రనట! నాకు నెలసరి ఆగి ఎన్నేండ్లాయె, ఇంక నా ఒంట్ల హార్మోన్ ఏడిది?” అంది.

గడ్డ మళ్ళీ వస్తుందేమోనని నా భయం. ఎంత మొత్తుకున్నా వినకపోతే, పెదనాన్నను వెంటబెట్టుకుని అమ్మను ఫరహా డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను.

“అండాశయాలు పని బంద్ చేసినయి, నిజమే అమ్మా,” అంది డాక్టరమ్మ. “కని మన కొవ్వుల అరోమటేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటది. అది వేరే హార్మోన్లను మార్చి ఈస్ట్రోజెన్ చేస్తనే ఉంటది. మీ గడ్డ ఆ ఈస్ట్రోజెన్‌తోని పెరిగే రకం. ఈ మాత్ర ఆ ఎంజైమ్‌ను పని చెయ్యనియ్యదు.”

పెదనాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “అంటే అండాశయాలు రిటైరైనయి, ఈ ఎంజైమ్‌గాడు కాలే.”

“అవ్.”

“ఈనిది ఏ షిఫ్టు?”

“మూడు షిఫ్టులు ఈడే,” అంది డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ. “అందుకే మాత్ర రోజు పడాలె.”

పెదనాన్న అమ్మవైపు తిరిగాడు. “ఇన్నవా చెల్లె? ఇయ్యాల్టి మాత్రకు రేపటి మాత్ర రిలీవర్. నువ్వు రిలీవర్‌ను పంపకపోతే బాయిలర్ కాడ ఎవరుంటరు?”

అమ్మ నవ్వింది. వెంటనే ముఖం చిన్నబుచ్చుకుని అడిగింది. “వాడితే బతుకుతనా డాక్టరమ్మా?”

“హామీ ఎవరు ఇయ్యలేరమ్మా. కని మీది మాత్రకు లొంగే రకం. మానకుంటే మళ్ళ వచ్చే భయం చాన తగ్గుతది. నొప్పులకు మందు ఇస్త, అయినా తగ్గకుంటే మాత్ర మారుస్త. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.”

అమ్మ సరేనంది. అమ్మా నేనూ బయటికొచ్చాం. పెదనాన్న మాత్రం తర్వాతి పేషెంటు లోపలికి వచ్చాకే కుర్చీ వదిలాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం మా వరండాలో హాజరు. అమ్మ ఆయన చూస్తుండగానే మాత్ర మింగుతుంది.

“మింగిన గదా, ఇగ పో అన్నా. ఇంటికాడ గ్రేసు వదిన ఎదురుచూస్తది.”

“రిలీవర్ రాలె.”

నేను బస్సు దిగి గేటు తీస్తేనే లేస్తాడు.

ఒకరోజు వానకు వాగు పొంగి బస్సు దారిలోనే ఆగిపోయింది. నేను బాగా ఆలస్యంగా ఇల్లు చేరేసరికి, జల్లుకు చొక్కా తడిసి ముద్దయినా ఆయన అదే కుర్చీలో ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“జరం తెచ్చుకుంటవా పెదనాయినా? రిటైరై ఇన్నేండ్లాయె, ఇంకేం డ్యూటీ?”

ఆయన కండువా పిండుకుంటూ మామూలుగా అన్నాడు. “మీ నాయిన నా రిలీవర్ బిడ్డా. ఆయన ఇగ రాడాయె. మరి నేనెట్ల ఇడిసిపెట్టి పోత?”

నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో. లోపలికి పోయి తువాలు తెచ్చిచ్చాను. అమ్మ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“లే అన్నా. చార్జి నేను తీసుకుంటున్న.”

“మాత్ర?”

“మింగిన.”

“రేపటిది?”

“అల్మారిల తయారుగున్నది.”

ఆయన తృప్తిగా లేచి, అమ్మ ఆ కుర్చీలో కూర్చునేదాకా చూసి, ఇంటికి వెళ్ళాడు. ఇక రేపటినుంచి రాడేమోనని నాకు కాస్త దిగులేసింది.

మర్నాడు గేటు తీసేసరికి వరండాలో టీ తాగుతూ కనిపించాడు.

“నిన్ననే అమ్మకు చార్జి అప్పజెప్పినవ్ గదా పెదనాయినా!”

“అది నిన్నటి షిఫ్టు,” అన్నాడు కప్పు కింద పెడుతూ. “ఇయ్యాల మళ్ళ నాదే డ్యూటీ బిడ్డా.”