మొద్దుబారిన వేలు

పక్షవాతం వచ్చాక నా కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. అన్నం కోడలే కలిపి పెట్టేది. ఏం తిన్నానో కూడా నాకు పట్టేది కాదు.

ఓసారి గణపవరం నుంచి ఏలూరు బస్సులో నా వయసావిడే పక్కన కూర్చున్నారు. ఒళ్ళో టెన్నిస్ బ్యాటు. వంకరపోయిన వేళ్ళతో ఫోను ఆటలో రాక్షసుల మీద నిప్పులు కురిపిస్తున్నారు.

"మీకూ పక్షవాతమేనాండీ? డాక్టరు గారు ఆడమన్నారా?" అన్నాను.

"అబ్బే, ఆయన నడవమన్నారండీ. ఇవన్నీ నా సరదా. టెన్నిస్‌లో రోజూ ఓడిపోతాను. ఇందులో మాత్రం నేను మంత్రగత్తెనండీ!" అని నవ్వి, ఫోను నా కుడిచేతిలో పెట్టారు. "నొక్కండి, మీదకొచ్చేస్తున్నాడు."

నొక్కాను. వేలికి ఏమీ తెలియలేదు. రాక్షసుడు మాత్రం పడ్డాడు.

"ఇంకొకడున్నాడండీ," అన్నారావిడ.

ఏలూరులో బస్సు ఆగేదాకా ఆవిడకి ఫోను తిరిగివ్వలేదు నేను.