ఐదు నిమిషాలు ముందు నడిచిన గడియారం

ఏప్రిల్ మూడో గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. నారాయణగూడలోని మా లా కాలేజీ, డీన్ గది. హాజరైనవారు: నేను, పరీక్షల గుమాస్తా, రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, ఆమె తల్లి.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మర్నాడు పది గంటలకు పరీక్ష. హాజరు చాలనివారిని రాయనివ్వకూడదన్న జాబితా మీద నేనే సంతకం పెట్టాను. అందులో ఈ అమ్మాయి ఉంది. రాయకపోతే ఆమెకు ఏడాది పోతుంది.

సైన్యంలో న్యాయ విభాగంలో పనిచేసి ఈ కాలేజీకి డీన్‌గా వచ్చినవాణ్ణి. తొమ్మిదికి గేటు మూయించేవాణ్ణి. ఆ తర్వాత వచ్చినవారికి మొదటి గంట పోయినట్టే. ఆ గంటలో సాక్ష్య చట్టం చెప్పేది నేనే. ఏటా పరీక్షల ముందు ఇదే తంతు: సిఫారసు ఫోన్లు, మెడికల్ సర్టిఫికెట్లు. అశోక్‌నగర్‌లో మా ఇంటి మెట్ల మీద కూడా వచ్చి కూర్చునేవారు. విసిగిపోయి ఉన్నాను.

“తొందరగా చెప్పండి,” అన్నాను.

తల్లి కొంగు సర్దుకుంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అడిక్‌మెట్ బస్తీలో ఉంటూ, రోజూ కూలీలు పని కోసం నిలబడే చిక్కడపల్లి అడ్డా నుంచి కూలికి పోయే మనిషి. “నేను అడ్డమీదికి వొయ్యేటప్పుడే నా ఎంబడి ఎల్తది సారూ. ఎనిమిదిన్నరకే వోతే ఆలిస్యమెట్ల అయితది?”

“అందరు గిట్లనే అంటరమ్మా,” అన్నాడు గుమాస్తా. “గేటు కాడికి ఎప్పుడొచ్చిందో ఎవలికెరుక?”

“నాకెరుక అన్నా.” అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది. గేటు మూసి ఉన్న ప్రతిరోజూ ఫోటో తీసింది. ఫోటోలో గేటు స్తంభం మీది గడియారం తొమ్మిది దాటి రెండు నిమిషాలు. ఫోన్‌లో నమోదైన వేళ ఎనిమిది యాభై ఏడు. “నేను లేటు గాదు సార్. మీ గడియారమే ముందున్నది.”

“ఫోన్ల టైమే తప్పేమో సార్,” అన్నాడు గుమాస్తా.

“అన్ని దినాలు తప్పుంటదా అన్నా?”

నేను డీన్‌గా చేరిన ఏటి డైరీ బీరువాలోంచి తీశాను. మొదటి వారంలోనే ఉంది: గేటు గడియారం ఐదు నిమిషాలు ముందుకు జరిపించాను. మా యూనిట్‌లో ఆచారం అది. చెప్పిన వేళకు ఐదు నిమిషాల ముందే అందరూ నిలబడాలి. అక్కడ అందరికీ తెలుసు. ఇక్కడి పిల్లలకు చెప్పలేదన్న సంగతి ఇన్నేళ్లలో నాకు తట్టనేలేదు.

“నీకు తెలుసా?” అని గుమాస్తాను అడిగాను.

“ఎందుకు తెల్వది సార్? బ్యాటరీ మార్చినప్పుడల్లా నేనే ముందుకు తిప్పుత. మీరే చెప్పిండ్రు గద.”

“మరి ఇప్పటిదాకా నోరెత్తలేదేం?”

“మీరు అడగలే.”

తల పట్టుకున్నాను. అతని మీద కోపగించుకోవడానికీ దారి లేదు. కాగితం తీసి, ఈ అమ్మాయి హాజరు తగ్గడానికి కారణం నేను తిప్పించిన గడియారమని రాశాను. గుమాస్తా మెడ సాచి చూశాడు. “సార్, ‘సాంకేతిక లోపం’ అని రాస్తే పాయె గద?”

“గడియారానికి ఏ లోపమూ లేదయ్యా!” అన్నాను.

ఆ కాగితం మీదే హాల్ టికెట్ ఇప్పించాను. తల్లి దండం పెట్టింది. అమ్మాయి థాంక్స్ అయినా చెప్పకుండా, ఫోన్‌లో ఆ ఫోటోలే వెతుక్కుంటూ వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు నా గది ముందు ఆమెతో పాటు జాబితాలోని మరో ముగ్గురు నిలబడి ఉన్నారు. ముగ్గురి తరఫునా అర్జీ ఆమే రాసింది. “వీళ్లు గూడ గేటు బయట నిలవడ్డోళ్లే సార్. నా ఫోటోలల్ల ఉన్నరు, జర చూడుండ్రి.”

ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని అర్జీ రెండుసార్లు చదివాను. దొరకలేదు. పది గంటలకు నలుగురూ పరీక్ష హాల్లో ఉన్నారు.