గొడుగు మొన దిగిన చెక్క

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన వారం పోయారు. పొద్దున్నే పాలావిడ మా గుమ్మంలోకి వచ్చి, "ఎదరింటోల తలుపింకా తీయనేదండి" అంది. వెళ్ళి చూసేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు డాక్టరుగారు. ఆవిడ అంత నిమ్మళంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నర్సీపట్నంలో మా చర్చి వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే. భర్త తొందరగా పోతే, కుట్టుమిషను తొక్కి ఒక్కగానొక్క కూతుర్ని చదివించారు. ఆ పిల్లా నేనూ ఒక ఈడువాళ్ళం. తను విశాఖపట్నంలో నర్సు ట్రైనింగులో చేరి, నెలనెలా పాసింజరులో వచ్చి వెళ్ళేది. మా ఊళ్ళోకి రైలు రాదు. స్టేషన్లో దిగి బస్సు పట్టుకోవాలి. ఆఖరి బస్సు తప్పిపోతే తెల్లారేదాకా ప్లాట్‌ఫారమే గతి.

ఒక వానాకాలం తల్లీకూతుళ్ళు కలిసి వస్తూంటే, స్టేషను ఇంకాస్త దూరం ఉందనగా మలుపులో రైలు పట్టాలు తప్పింది. పెట్టెలు వరిమళ్ళలోకి ఒరిగాయి. దెబ్బలు తగిలాయి గాని ప్రాణాలు పోలేదు. పక్క ఊరివాళ్ళు మజ్జిగ తెచ్చి పోశారు. పెట్టెలో పేకాడుతున్నవాళ్ళు గట్టుమీద చేరి మళ్ళీ ముక్కలు పంచుకున్నారు. పెద్దమ్మ మాత్రం రైలు వచ్చిన దారినే వెనక్కి నడిచి, పట్టాల కింది చెక్కని గొడుగు మొనతో పొడిచి చూశారట.

"ఇడ్డెన్లోకి దిగినట్టు దిగిపోనాదమ్మీ. అలాటి సెక్కల మీద నా పిల్ల ఎల్లొస్తంది" అని మాకు చెప్పేటప్పుడు, మొన ఎంత లోతు దిగిందో వేలి మీద కొలిచి చూపించేవారు.

ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: "ఎవలూ పోనేదు కదా." అది వింటే ఆవిడకి ఒళ్ళు మండేది. "సావొచ్చి ఏలిముద్ర ఏస్తే గాని కదలరేటి?" అనేవారు.

అక్కణ్ణించి కొత్త పద్ధతి పెట్టారు. రైలెక్కబోయే మనిషి జాకెట్టు కోసం వస్తే, దాన్ని మడతపెట్టి ఒళ్ళో ఉంచుకుని, "ఇస్తాను గానీ, స్టేషను మాస్టరుగారికి ఓ మాట సెప్పాల. మలుపుకాడ సెక్కలు పుచ్చిపోనాయి, మార్పించండి అని. సెప్తావా?" అని అడిగేవారు. ఒప్పుకుంటేనే జాకెట్టు చేతికొచ్చేది. పెళ్ళికి పోయేవాళ్ళు ఏం చేస్తారు, ఒప్పుకునేవారు. నేనూ వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీదీ చర్చి వీధేనా అమ్మా? నా దగ్గర జెండాలున్నాయి గాని చెక్కల్లేవు. పైకి రాస్తూనే ఉన్నాను" అన్నారు. కోప్పడలేదు పాపం.

ఆ మాట చేరేస్తే పెద్దమ్మ మిషను ఆపకుండానే, "ఆయన్ని రాయనీ. మనం సెప్తా ఉందుం" అన్నారు.

చివరికి చెక్కలు మార్చలేదు గాని, మలుపు దగ్గర నెమ్మదిగా పొమ్మని బోర్డు పెట్టారు. రైలు అక్కడ ఎడ్లబండి నడక నడిచేది. దాంతో ఆఖరి బస్సు తప్పడం మొదలైంది. అప్పుడు చూడాలి మావాళ్ళ కోపం! చెక్కలు పుచ్చిపోయేదాకా ఊరుకున్నవాళ్ళ మీద కాదు, ఆవిడ మీద. "రైల్వే మంత్రిగారు" అని వెక్కిరించారు. కొందరు గుడ్డలు పట్టుకుని వేరే దర్జీ దగ్గరికి పోయారు. సొంత కూతురే ఓ రాత్రంతా ప్లాట్‌ఫారం మీద దోమల్తో గడిపి వచ్చి, "నీకేటి పనమ్మా? రైలు నీదా?" అని కేకలేసింది.

"రైలు నాది కాదే. పిల్ల నాది" అని, ఆవిడ వేణ్ణీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు.

కూతురు వచ్చే రోజున ఆవిడ ఒక చోట కూర్చోలేకపోయేవారు. రెండు కుట్లు వేయడం, లేచి వీధిలోకి చూడడం, మళ్ళీ కూర్చుని వేసిన కుట్టే విప్పడం. "ప్రార్థన చేసుకోండి పెద్దమ్మా" అన్నానోసారి. "సేస్తన్నాను. దేవుడింటాడు. పుచ్చిన సెక్క ఇనదు" అన్నారు.

మరుసటేడు తుఫాను వానల్లో, అదే మలుపులో చక్రాలు మళ్ళీ పట్టాలు దిగాయి. కూతురు అందులోనే ఉంది. నడక మీద ఉన్న రైలు గనక అక్కడికక్కడే ఆగిపోయింది, ఒక్క పెట్టె కూడా ఒరగలేదు. పిల్ల లారీ పట్టుకుని దీపాలవేళకి ఇల్లు చేరింది. వీధంతా వచ్చి దేవుడికి స్తోత్రం చెప్పింది. బోర్డు మాట ఒక్కరూ ఎత్తలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే. ఆవిడకి ఆ ఊసే లేదు. కూతురి చేతులూ కాళ్ళూ తడిమి చూసుకుని, మర్నాడు రైలెక్కాల్సిన ఒకావిడ జాకెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

తరవాత ఆ మలుపులో చెక్కలు పీకి సిమెంటు దిమ్మలు వేశారు, బోర్డూ తీసేశారు. ఎవరి మాట పనిచేసిందో మాకెవరూ చెప్పలేదు. కూతురు ఉద్యోగంలో చేరి, విశాఖలోనే ఉంటూ, వీలు చిక్కినప్పుడు వచ్చేది. తను వచ్చే రోజున వీధిలోకి చూడడం మాత్రం పెద్దమ్మ మానలేదు. ఒకరి మేలు కోసం అంతగా విసిగించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మా వీధికి ఆవిడ చేసిన మేలు అదే, మేము ఎదురుగా చెప్పని మాటా అదే.

ఆవిడ పోయిన పొద్దున్న, కూతురు పనిచేసే ఆసుపత్రికి ట్రంకు కాల్ చేయించాం. అమ్మకి ఒంట్లో బాగోలేదు, రమ్మని మాత్రమే చెప్పించాం. మధ్యాహ్నం బస్సుస్టాండుకి నేనే ఎదురెళ్ళాను. తను బస్సు దిగుతూనే మాట్లాడడం మొదలెట్టింది. కంగారొస్తే దానికి అలా మాట్లాడడం అలవాటు.

"కిటికీ కాడే కూసున్నానే. ఆ మలుపు సూద్దామనుకున్నాను. కుదుపే నేదు, ఎక్కడో కూడా తెలీనేదు, స్టేషనొచ్చీసినాది. ఇంటికెల్లి అమ్మకి సెప్పాల."

నేను సంచీ అందుకున్నాను. తను అప్పటికే నన్ను దాటి, చర్చి వీధి వైపు గబగబా నడిచిపోతోంది.