ఒటీలియా నేర్పిన ఆపరేటర్లు

సాంతా పౌలా ఊళ్లో నిమ్మకాయల షెడ్డులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న ఒటీలియా బర్రగాన్ చేరిననాడూ హెల్పరే, ఇప్పుడూ హెల్పరే. కాయల్ని రంగును బట్టి వేరుచేసే యంత్రాన్ని పొద్దున్నే సరిచేసి నడిపించేది ఆవిడే. కొత్తగా వచ్చిన ప్రతి మగవాడికీ ఆ పని నేర్పేదీ ఆవిడే. నేర్చుకున్న మర్నాటి నుంచి వాడు ఆపరేటరు. మరి ఆవిడ ఎవరికి హెల్పరో షెడ్డు ఆఫీసుకే తెలియాలి.

అలా నేర్చుకున్నవాళ్లలో చివరివాడు ఎలీసియో. ఒటీలియా కూతురు మారిబెల్‌కు జ్ఞానతండ్రి. చర్చిలో బాప్తిస్మానికి పిల్లను ఎత్తుకున్ననాటి నుంచి ఆవిడకు అతను కొంపాద్రె, అతనికి ఆవిడ కొమాద్రె. ఆ వరస తోబుట్టువుల కన్నా గట్టిది. తమ్ముణ్ణయితే తిట్టొచ్చు గాని, కొంపాద్రెని ‘నువ్వు’ అని కూడా అనకూడదు. జీతమెంతని అసలే అడగకూడదు. ఈ మర్యాద వల్ల బాగుపడింది ఒక్క కంపెనీయే.

ఉండబట్టలేక ఒటీలియా ఒకసారి అతనితో కారులో వస్తూ అడిగేసింది.

“మీకొచ్చేదే నాకూనూ కొమాద్రె,” అన్నాడు ఎలీసియో కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆవిడ నమ్మినట్టు తలూపింది.

అక్టోబరులో కంపెనీకి ఉన్నట్టుండి ఆడవాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లాటినాలకు, అంటే ఒటీలియాలాంటి స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లకు, సమాన వేతనం కోరే రోజట. పండగ చేస్తానని మేనేజరు ప్రెస్టన్ ఊదారంగు బుడగలు తెప్పించాడు. భోజనానికి మాత్రం ఆడవాళ్లే ఇళ్ల దగ్గర మొక్కజొన్న పిండితో తమాలేలు వండుకు రావాలన్నాడు. సమాన వేతనం పండగకి వేతనం లేని వంట! సిగ్గున్నవాడైతే ఆ మాట అనడానికి తడబడేవాడు. ఈయన కారం తక్కువ వేయమని కూడా చెప్పాడు.

తిట్టుకుంటూనే అందరూ వండారు. వండకపోతే పనిగంటలు కోస్తారని భయం.

మూడో తమాలే నములుతూ ప్రెస్టన్ ఉపన్యాసం అందుకున్నాడు. “ఈ షెడ్డులో ఆడా మగా తేడా లేదు. అంతా ఒకే కుటుంబం. వచ్చే నెల నుంచి ఒటీలియా కూతురు కూడా మన కుటుంబంలోకి వస్తోంది!”

చప్పట్లు మోగాయి. ఒటీలియాకు ఒళ్లు మండింది. తనకు జరిగింది ఎలాగో దిగమింగుకుంది. పిల్లను కూడా అదే జీతానికి కాయలు కదిలే బెల్టు పక్కన నిలబెడతారన్నది మాత్రం గొంతు దిగలేదు.

“కొంపాద్రె,” అంది అందరికీ వినపడేలా. “మీకు గంటకెంతిస్తున్నారు?”

ఎలీసియో తల ప్లేటులోకి వంగింది. “ఇక్కడా అడిగేది కొమాద్రె? నలుగురిలోనా?”

“కారులో అడిగితే అబద్ధం చెప్పారుగా.”

“చెప్పవయ్యా,” అంది బెల్టు దగ్గరి ముసలావిడ చోలె. “కొత్త పెళ్లికూతురివా, అంత సిగ్గు!”

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ప్రెస్టన్ కూడా నవ్వబోయి, “పండగపూట ఈ లెక్కలెందుకు ఒటీలియా?” అన్నాడు.

“పండగ దేనికో మీరే చెప్పారుగా సార్.” మళ్లీ ఎలీసియో వైపు తిరిగింది. “మారిబెల్ మంచిచెడ్డలు చూస్తానని దేవుడి ఎదుట మాటిచ్చారు. అది మీ జీతానికి చేరాలా, నా జీతానికా? అంతే, ఇంకేం అడగను.”

ఎలీసియో నుదురు తుడుచుకున్నాడు. “మీకన్నా ఆరు డాలర్లెక్కువ,” అన్నాడు. “గంటకి. మొదట్నుంచీ. చెప్పడానికి మొహం చెల్లలేదు.”

ఆ వారమే ఆడవాళ్లంతా కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టారు. ఎలీసియో సాక్షిగా సంతకం చేశాడు. కంపెనీ భయపడింది, తనకు చౌకగా కుదిరినంత మేరకు. కొత్తగా చేరేవాళ్లలో ఆడా మగా అందరికీ ఒకే హోదా, ఒకే జీతం అని ప్రకటించింది. పాతవాళ్ల సంగతి విచారణ తేలాక చూస్తారట.

అలా మారిబెల్ చేరుతూనే ఆపరేటరయింది, ఎలీసియో జీతంతో. పని నేర్పడానికి ప్రెస్టన్ ఏమాత్రం మొహమాటపడకుండా ఒటీలియానే పిలిచాడు.

“నీకన్నా నాకెక్కువేంటమ్మా? నాకొద్దు,” అంది మారిబెల్ కళ్లనీళ్లతో.

ఒటీలియాకూ ఏడుపొచ్చింది. కంపెనీ చూస్తుండగా ఏడవడం ఇష్టంలేక మింగేసింది.

“నోర్మూసుకుని తీసుకో. నాది నేను రాబట్టుకుంటాను,” అంది యంత్రం స్విచ్చి వేస్తూ. “రేపు నీ పక్కకి ఎవత్తె కొత్తగా వచ్చినా, అది అడక్కముందే నీ జీతమెంతో చెప్పు.”