ఉప్పునీటిలో పచ్చగా నిలిచిన వరి

తుపానుకు సముద్రపు నీరు మా మడుల్లోకి వచ్చింది. పక్కవాళ్ల వరి మాడిపోయింది. మేం వేసిన నాటు రకం మాత్రం పచ్చగానే నిలిచింది. ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద, "బావా, నీ సేను దేవుడు కాసినాడు. లేసి సాచ్చం సెప్పు" అన్నాడు. నాన్న లేచి కన్నీళ్లతో చెప్పాడు.

వ్యవసాయ కాలేజీలో చదివే చెల్లెలు ఆకులు కోసి, ఐసు డబ్బాలో పెట్టి పరీక్షకు పట్టుకెళ్లింది. తిరిగొచ్చి, "నాన్నా, ఉప్పు తగిల్తే మొక్క దాన్ని బయటికి నెట్టే ప్రోటీన్లు ఎక్కువ తయారుసేస్తాది. బలమంతా దానికే పోతాది, గింజకి మిగల్దు" అంది.

"దేవుడి కార్యానికి పరీచ్చలేటే?" అని నాన్న కసిరాడు.

కోత పండుగకు నాన్న గింజ నొక్కి చూడకుండానే ప్రథమఫలంగా వరి పన మోసుకెళ్లాడు. సంఘపెద్ద ఒక వెన్ను అరచేతిలో నలిపి చూశాడు. అంతా తాలే, ఒక్క బియ్యపు గింజ లేదు.

"నీ విశ్వాసంలోనే ఏటో లోపం ఉన్నాది బావా" అన్నాడు, అందరూ వినేలా.

ఆ తరవాత నాన్న మందిరంలో గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. నేను ప్రార్థన మానలేదు. ఆ పెద్ద చేసే ప్రార్థనకు మాత్రం ఇప్పటికీ ఆమెన్ అనను.