నలుగురు చాలన్నాడు చిన్నాయన

మా చౌడప్ప చిన్నాయన ఇక లేడు. మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు తెలిసిన తీరు మాత్రం పగవాళ్లకు కూడా వద్దు. ఆ పొద్దున ఎలక్ట్రానిక్ సిటీకి పోయే కంపెనీ బస్సులో, హోసూరు రోడ్డు జామ్‌లో ఇరుక్కుని కూర్చున్నాను. ఫోన్ ఎప్పటిలాగే చేతిలోనే ఉంది. ‘చిన్నాయన’ అని పేరు కనబడింది. కట్ చేశాను. ఆదివారం ఆయనతో పడిన గొడవ ఇంకా చల్లారలేదు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. “చిన్నాయన పోయినాడమ్మే. గుండె ఆగిపోయిందంట” అంది. అబద్ధాలు చెప్పొద్దని అమ్మ మీద అరిచాను.

మన సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు. రాస్తున్నాను, ఎందుకంటే మీలో ఎంతోమంది ఇళ్లల్లో నడుస్తున్న కంప్యూటర్ ఆయన చేతుల మీదుగా పుట్టిందే.

చిన్నాయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. చదువు ఏడో తరగతి. ఆఫీసులో మూలన పడేసిన కంప్యూటర్‌ను అడిగి తీసుకుని, దుప్పట్లో చుట్టి, మోపెడ్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. దాన్ని చాప మీద పెట్టి ముక్కముక్కలుగా విప్పాడు. మళ్లీ కూర్చేటప్పుడు, లోపల పరుచుకుని ఉండే పచ్చ పలకను, అదే మదర్‌బోర్డును, ఫ్యాక్టరీ మిషన్‌కు బోల్టు బిగించినట్టు బిగించాడు. పటుక్కుమంది. పలక అడ్డంగా చిట్లింది. మా చిన్నమ్మ నవ్వితే ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఎవరికి పని నేర్పినా మొదట ఆ చిట్లిన పలకే చూపించేవాడు. “బిగించేది అందరికీ వస్తాది. యాడ ఆపల్లో వేలికి తెలియాల” అనేవాడు.

అడిగినవాళ్లకు కంప్యూటర్లు కూర్చి ఇవ్వడం ఆయనకు వ్యాపారం కాదు, సరదా. అంతకంటే పెద్ద మాట తెలుగులో ఉంటే అది. తన సొంత కంప్యూటర్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి మారుస్తూనే ఉండేవాడు. ఈసారి డిస్కు, ఇంకోసారి ఫ్యాను. రెండు వస్తువులు ఒకేసారి మాత్రం మార్చేవాడు కాదు. రెండూ మారిస్తే తప్పు ఎవరిదో తెలియదంటాడు. చివరికి మోపెడ్ మీద వచ్చినదాంట్లో బయటి రేకు పెట్టె ఒక్కటే మిగిలింది. “ఇంకా పాతదే వాడతాండావా అప్పా?” అని ఎవరైనా అడిగితే, “ఊ, అదే” అనేవాడు గర్వంగా.

బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండే ఒక ఇంజనీరుగారి కంప్యూటర్ ఒకరోజు తెర నల్లగా పెట్టుకుని కూర్చుంది. ఆయన బోర్డు మార్చాడు, కరెంటు డబ్బా మార్చాడు, ఆఖరికి చిన్నాయనకు ఫోన్ చేశాడు.

“మానిటర్ వెనక తీగ ఒకపారి గట్టిగా నొక్కి చూడప్పా.”

“వచ్చింది సార్” అన్నాడు ఇంజనీరు, గొంతు తగ్గించి.

“పెద్దదాన్ని అనుమానించే ముందు చిన్నదాన్ని చూడల్ల” అన్నాడు చిన్నాయన. ఏడో తరగతి మనిషిని ఇంజనీరు ‘సార్’ అనడం ఆ రోజు నేను చెవులారా విన్నాను.

నాలుగేళ్ల కిందట బాత్రూంలో జారిపడ్డాడు. నడుము విరిగింది. కాళ్లు మళ్లీ నిలబడలేదు. ఇల్లు మూడో అంతస్తు. బయటి వైపు ఇరుకు ఇనుప మెట్లు, మధ్యలో ఒక మలుపు. మంచం పక్కన కిటికీ, కిటికీకి జానెడు దూరంలో పక్కింటి గోడ. పొద్దు ఎంతైందో ఆయన పక్కింటి కుక్కర్ కూతలను బట్టి చెప్పేవాడు. అయినా ఒళ్లో పలక పెట్టుకుని పని చేస్తూనే ఉన్నాడు. ఒంట్లో పుట్టే కరెంటుకు బోర్డు పాడవకుండా, మణికట్టుకు రాగి తీగ చుట్టుకుని దాని రెండో కొస గోడ వెంబడి పోయే నీళ్ల పైపుకు కట్టేవాడు.

“నిన్నెవరు కట్టేసినారప్పా?” అని చూడవచ్చినవాళ్లు అడిగేవాళ్లు.

“నేనే కట్టుకునుండా. ఇప్పుకుంటే బోర్డు కాలిపోతాది” అనేవాడు.

సామాను కోసం, కంప్యూటర్ విడిభాగాల అంగళ్లుండే ఎస్పీ రోడ్డుకు నేను పోయేదాన్ని. ఫోన్ చెవికి ఆనించుకుని ఆయన చెప్పినట్టల్లా చూసేదాన్ని.

“ఆ ర్యామ్ ముక్కకు గాటు నడిమధ్య ఉండాదా, పక్కకు ఉండాదా?”

“పక్కకు.”

“అది మనదాంట్లో దూరదు. తిరిగి ఇచ్చేయ్.”

అంగడివాడు మార్చనన్నాడు. నేను కేకలేశాను. ఫోన్‌లో చిన్నాయన నవ్వు. “వాన్ని కొట్టొద్దమ్మే, మళ్లా ఆ అంగడికే పోవాల.” పని అయ్యాక కట్ చేయబోతే ఆపేవాడు. “కట్ చేయొద్దు. జేబులో పెట్టుకుని నడువు. ఆ సద్దు వింటా.” తోపుడు బండ్లు, హారన్లు, బేరాలు, అన్నీ వినేవాడు. ఒక్కోసారి బస్సు ఎక్కేదాకా నా జేబులోనే ఉండేవాడు.

ఆయన అడిగింది ఒక్కటే. ఒక్కసారి తానే ఎస్పీ రోడ్డుకు వచ్చి, తన చేత్తో ముట్టి ఒక బోర్డు ఎంచుకోవాలని. కూర్చోబెట్టి తీసుకుపోవచ్చని డాక్టర్ కూడా చెప్పాడు. ‘చూద్దాం’ అని అందరం అన్నాం. నాలుగేళ్లూ అన్నాం.

ఆయన పోయే ముందటి ఆదివారం నా చేత మెట్ల వెడల్పు టేపుతో కొలిపించాడు. బల్ల ఏదో చేయించుకుంటాడనుకున్నాను. కొలతలు చెప్పగానే మదర్‌బోర్డు అట్టపెట్టె తిప్పి చూపించాడు. మీద పెన్నుతో బొమ్మ. కుర్చీ, కింద రెండు పైపులు, వాటిని మోస్తున్న నలుగురు మనుషులు.

“మలుపు కాడ వెనక కాళ్లు పైకెత్తి తిప్పల్ల. నలుగురు చాలు.”

“పడితే?” అన్నాను.

“ఎందుకు పడతా? కొలిచింది నువ్వే కదా.”

“నాకు ఆఫీసు లేదా? నలుగురిని నేనెక్కడ తేవాలి? వచ్చే నెల చూద్దాంలే చిన్నాయనా.”

“వచ్చే నెల అనేది ఎన్ని నెలలమ్మే?” అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. నేను అరిచాను. తలుపు దడేలుమనిపించి వచ్చేశాను. మూడో రోజు పొద్దున ఆ ఫోన్. ఎందుకు చేశాడో చిన్నమ్మకూ తెలియదు.

పాడె ఆ మెట్ల మలుపులో తిరగలేదు. పట్టుకున్నవాళ్లు అటు ఇటు వంచి చూసి వెనక్కి ఎక్కారు. “కుర్చీలోనే కూర్చోబెట్టి దించండప్పా” అని ఎవరో పెద్దాయన అన్నాడు. కుర్చీకి పైపులు కట్టారు. మలుపు దగ్గర మళ్లీ ఆగిపోయారు. “వెనక కాళ్లు పైకెత్తండి!” అని అరిచింది నేనే. ఎత్తారు. కుర్చీ తిరిగింది. గోడకు కూడా తగల్లేదు. పై మెట్టు మీద ఫోన్‌లో టైం చూశాను, కింద వీధిలో మళ్లీ చూశాను. ఆరు నిమిషాలు. నలుగురే మోశారు. ముగ్గురు మా వీధివాళ్లే, ఏ ఆదివారం పిలిచినా వచ్చేవాళ్లు.

ఆ వేళ్ల ఒడుపు ఇంకెవరికీ రాదు. ఆ చేతులకు దండం పెట్టడం తప్ప నేను చేయగలిగింది లేదు, అది కూడా ఆలస్యంగానే. ఆయన కూర్చిన పెట్టె మీ ఇంట్లో మొరాయిస్తే ముందు తీగ నొక్కి చూడండి. అప్పటికీ రాకపోతే నాకు ఫోన్ చేయండి, ఎత్తుతాను. ఆయన నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఆ పొద్దున నేను కట్ చేసిన కాల్ కొత్త కాల్స్ కింద మునిగిపోకుండా, ఆయన పేరును అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.