కల్లు ముట్టని ఎల్లవ్వ

ఎల్లవ్వను నేను మూడు రోజులు తిట్టాను. నోటితో కాదు, మనసులో. నోటితో తిట్టే ధైర్యం అప్పుడు నాకు లేదు. ఆమె చేసిన తప్పుకు మా నాయన లింగాగౌడ్ కల్లు గీసే చెట్లు పోబోయాయి మరి. అయినా ఈ రోజు ఎవరైనా అడిగితే, మా ఊళ్లో అలాంటి మనిషిని ఇంకొకరిని చూపించండి అంటాను.

మా ఊరు కోరుట్లకూ జగిత్యాలకూ మధ్యన, రోడ్డు పక్కనే ఉంటుంది. ఎల్లవ్వది కూలి బతుకు. నాట్లు, కలుపు, పండగల ముందు ఇళ్లకు సున్నాలు, ఏది దొరికితే అది. చర్చిలో ఆమెకు ఎలీషమ్మ అని పేరు పెట్టారు గానీ, పాస్టరు గారు కూడా మర్చిపోయి ఎల్లవ్వా అనే పిలిచేవారు. ఆమె జన్మలో కల్లు ముట్టలేదు. ఆ లోటు భర్త రాజయ్య తీర్చాడు, ఇద్దరి వంతూ తనే తాగేవాడు.

అప్పట్లో కొందరు కల్లులో మత్తు పొడి కలపడం మొదలుపెట్టారు. పొడి కల్లుకు అలవాటు పడినవాడు ఒక్క పూట అది దొరక్కపోతే వణికిపోతాడు, ఏదేదో మాట్లాడతాడు. ఒక ఎండాకాలం రాజయ్య తన అన్నం తాను తినలేకపోయాడు. ఎల్లవ్వే ముద్దలు చేసి నోట్లో పెట్టేది. ఊళ్లో ఇంకో నలుగురు అలాగే మంచాన పడ్డారు. అప్పుడు గీత సంఘం పెద్ద భూమాగౌడ్ అందరినీ కూర్చోబెట్టి కట్టుబాటు రాయించాడు. పొడి కలిపినవాడు ఏడాది చెట్టెక్కకూడదు, అతని చెట్లు వేరేవాళ్లకు పోతాయి. ఇది సరిగా సాగుతుందో లేదో చూడటానికి గీతతో సంబంధం లేని ముగ్గురు బయటి మనుషుల కమిటీ ఉండాలి. ఒకరు జగిత్యాల నుంచి వచ్చే బడి సారు. ఇంకొకరు శ్యాంసుందర్, సిరిసిల్లలో మరమగ్గం నడుపుతూ వారానికోసారి అత్తగారి ఊరని మా ఊరికి వచ్చేవాడు. మూడో మనిషి ఎల్లవ్వ.

"కల్లు రుచే తెల్వనిది కల్లును ఏం జూస్తది?" అని మావాళ్లు నవ్వారు. దళితవాడ నుంచి వచ్చిన ఆడమనిషి మన కల్లుకు పరీక్ష పెట్టడమేమిటన్నది ఆ నవ్వు వెనక మాట. ఆ సంగతి ఎల్లవ్వకూ తెలుసు.

"రుచి తెల్వకుంటెనే మంచిగైంది. ఒక్క గిలాస పోస్తె మెత్తవడుత అనుకున్నరా?" అంది.

పరీక్ష చిన్నదే. సారు ఇచ్చిన గాజు సీసాల్లో పొద్దున ఒక్కొక్కరి కల్లు పట్టి పెడుతుంది. సాయంత్రం మూత తీసి వాసన చూస్తుంది. చెట్టు కల్లు అప్పటికి పులిసి తీరాలి. పొడితోపాటు తీపి మందు కూడా పోస్తారు కాబట్టి కలిపిన కల్లు తియ్యగానే ఉంటుంది. ఇద్దరు సభ్యులు సరే అంటేనే తీర్పు. ఆరు నెలలు అలా నడిచింది. రాజయ్య చేతుల వణుకు తగ్గి మళ్లీ కూలికి పోవడం మొదలుపెట్టాడు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. సారు జగిత్యాలలో సమ్మె శిబిరంలో, శ్యాంసుందర్ సిరిసిల్లలో ఉండిపోయారు. వానాకాలం చివర చెట్ల నుంచి కల్లు తక్కువ పారుతోంది, మళ్లీ ఎవరో పొడి తెచ్చారని ఊళ్లో గుసగుసలు. సమ్మె అని కట్టుబాటును ఆపుతామా అనుకుని ఎల్లవ్వ ఒక్కతే బయల్దేరింది. సీసాలు రెండే మిగిలాయి. ఇద్దరి కల్లు వాటిలో పట్టింది. మా నాయన కల్లు తన ఇంటి కుండలో పోసుకుపోయింది.

సాయంత్రానికి సీసాలు రెండూ పులిశాయి. కుండలో కల్లు మాత్రం తియ్యగా ఉంది. లింగాగౌడ్ పొడి కలిపాడని ఎల్లవ్వ సంఘానికి చెప్పేసింది.

"నేను కలుపలే" అన్నాడు మా నాయన. ఒక్కసారే అన్నాడు. చెట్టెక్కే మోకు తెచ్చి గోడకు తగిలించి కూర్చున్నాడు. రోజూ గీయకపోతే కల్లు కారే గెల ఎండిపోతుంది. ఊరంతా రోడ్డు మీద తెలంగాణ కోసం నినాదాలిస్తుంటే, మా ఇంట్లో మాత్రం ఎండిపోతున్న చెట్ల గురించే బెంగ. నాలుగో రోజు సంఘం కూర్చుని మా చెట్లను పంచేస్తుందని కబురొచ్చింది.

ఆ నాలుగో రోజు పొద్దున ఎల్లవ్వ ఇంట్లో జరిగింది నాకు తర్వాత రాజయ్యే చెప్పాడు. ముందురోజు అదే కుండలో అంబలి పోసి పెట్టిందట. తెల్లారి చూస్తే అంబలి పులవలేదు. కుండ లోపల గోటితో గీకింది. గోటికి తెల్లగా అంటింది. బతుకమ్మ ముందు పటేల్ ఇంటికి సున్నం కలిపిన కుండ అది! నాలుగుసార్లు కడిగింది గానీ మట్టి పీల్చుకున్న సున్నం ఎక్కడికి పోతుంది? సున్నం తగిలితే కల్లు పులవదు. ఈ సంగతి గీసేవాళ్ల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. కల్లు ముట్టని ఎల్లవ్వకు ఎవరు చెప్పాలి?

"ఎవలకు చెప్పకు," అన్నాడట రాజయ్య. "నువ్వు తప్పు జూసినవని తెలిస్తె కమిటీయే వద్దంటరు. మల్ల గా పొడి కల్లే అస్తది. నా చేతులు మల్ల వణుకుతయి, ఎల్లీ."

ఎల్లవ్వ అతని చేతులు రెండూ పట్టుకుని ఏడ్చిందట. ఏడ్చి, కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

ఆ రోజు సమ్మె కోసం రోడ్డు మీదే వంటావార్పు. ఊరు ఊరంతా అక్కడే ఉంది, మూడు రాళ్ల పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఎల్లవ్వ నడిరోడ్డు మీద కుండ దించింది.

"లింగన్న ఏం కలుపలే. నా కుండకు సున్నమున్నది. ఒక్కదాన్నే జూసిన, ఒక్కదాన్నే చెప్పిన, గదీ తప్పే. కలిపినోనికి ఏడాది అన్నరు గదా. నాకు గూడ ఏడాది ఎయ్యుండ్రి. కమిటీని మాత్రం తియ్యకుండ్రి, మీ కాల్మొక్త."

భూమాగౌడ్ వంగి కుండలో వేలు పెట్టి చూశాడు. వెనక నుంచి ఎవరో "ఇగ కమిటీ ఎందుకు, తీసిపారెయ్యుండ్రి" అని నవ్వారు. ఇద్దరు ముగ్గురు కలిసి నవ్వారు. నాకు కడుపు మండింది, ఈసారి ఎల్లవ్వ మీద కాదు.

అప్పుడు మూడు రోజులుగా మోకు ముట్టని మా నాయన లేచాడు.

"నవ్వినోళ్ల కల్లు ముందుగాల చూడాలె," అన్నాడు. నవ్వు ఆగింది. తర్వాత ఎల్లవ్వ వైపు తిరిగాడు. "ఏడాది లేదు, ఏం లేదు. రేపు పొద్దుగాల నేను చెట్టెక్కుత. మంచి సీస వట్టుకొని నువ్వు అచ్చి కింద నిలవడాలె. నువ్వు రాకుంటె నేను దిగనే దిగ."

మర్నాడు నాయన ఇంకా మోకు కట్టుకోకముందే ఆమె చెట్టు కింద నిలబడి ఉంది.